చంపకమాలలో ఒదిగిన సంయుక్త సంఖ్య: 2⁶⁴ − 1 కారణాంకాల పరిశీలన

చదరంగపు తొలి గడిలో ఒక గింజ పెట్టి, గడిగడికీ రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం గింజలు 18446744073709551615. పావులూరి గణితంలోని పద్యంగా ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో ఈ 20 అంకెలూ తప్పు లేకుండా ఇమిడి ఉన్నాయి. శరమంటే 5, శశి అంటే 1, వియత్తు అంటే 0, కుంజరం అంటే 8. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో తెనిగించిన పావులూరి మల్లన ప్రస్తావన సాహిత్య చరిత్రల్లో తరచూ వస్తుంది. ఆ పద్యం మోస్తున్న సంఖ్య లోపలి నిర్మాణాన్ని కూడా అంతే శ్రద్ధగా చదవాలన్నది నా అభిప్రాయం.

చదరంగపు పలకను కాసేపు వీధిలోకి తెద్దాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల మీదుగా ఎల్.బి.నగర్ దాకా సాగే మెట్రో దారిలో దుకాణం ఎక్కడుందో చెప్పాలంటే పిల్లర్ నంబరు చెబుతారు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఏదో ఒక పిల్లరును ఒకటోదిగా లెక్కపెట్టి, అక్కడ ఒక బియ్యపు గింజ ఉంచి, ఎల్.బి.నగర్ వైపు రెట్టిస్తూ వెళ్దాం. మొదటి 32 పిల్లర్ల రాశి 4294967295. తర్వాతి 32 పిల్లర్లలో ప్రతి రాశీ తన కంటే 32 స్థానాలు ముందున్న దానికి 2³² రెట్లు. అందుచేత మొత్తం రాశి 4294967295 × 4294967297 అవుతుంది.

ఆ సగాన్ని మళ్ళీ సగానికి మడిస్తే 65535 × 65537. ఇంకా మడిస్తే 255 × 257, 15 × 17, 3 × 5. గళ్ళు 64 కావడం వల్లనే, అంటే అది రెండు ఘాతం కావడం వల్లనే, మడత ఎక్కడా చిక్కుపడదు. ఇంతవరకు వచ్చిన 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. మిగిలింది 4294967297, అంటే 2³² + 1.

ఫెర్మా ఇదీ ప్రధానమే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దీన్ని 641 × 6700417గా విడగొట్టాడు. దీనికి ఒక నిరూపణ ఎంత చిన్నదో చూడండి. 641 = 5 × 2⁷ + 1 కనుక, 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸కి శేషం 1. కానీ 641 = 5⁴ + 2⁴ కూడా; అందువల్ల 5⁴ స్థానంలో −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఒకే సంఖ్యకు ఉన్న రెండు రూపాలతో పని పూర్తయింది!

కాబట్టి పద్యంలోని సంఖ్య 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏ కారణాంకమూ రెండుసార్లు రాలేదు. భాజకాలు 2⁷, అంటే 128. దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపు కోచింగ్ సెంటర్లలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు కూడా ఈ సంఖ్య తారసపడుతుంది: గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకానికి గరిష్ఠ విలువ ఇదే. దానికి ఒకటి కలిపితే మళ్ళీ సున్నా.

ఒక సంఖ్య సంయుక్తమని తేల్చడానికి ఫెర్మా పరీక్ష ఉంది: రెండును, ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి, ఆ సంఖ్యతోనే భాగించాలి; శేషం 1 కాకపోతే ఆ బేసి సంఖ్య ప్రధానం కాదు. 4294967297 సంయుక్తమైనా శేషంగా 1 ఇచ్చి తప్పించుకుంటుంది. మన 20 అంకెల సంఖ్య మాత్రం తప్పించుకోలేదు. దానితో భాగిస్తే 2⁶⁴కి శేషం 1. ఇక్కడి ఘాతం 64కు ఒక గుణిజం కంటే 2 తక్కువ. కనుక మిగిలే శేషం 2⁶². అది సరిగ్గా 63వ పిల్లరు దగ్గర పోసిన గింజల లెక్క.