కుక్కల ఫోస్టరింగ్: ఫీనిక్స్ బే నేపథ్యంలో

వీధిలో కాపాడిన కుక్కను, శాశ్వతంగా పెంచుకునేవాళ్లు దొరికేదాకా ఒక కుటుంబం తన ఇంట్లో ఉంచుకుని సాకడాన్ని ఫోస్టరింగ్ అంటారు. దత్తత జీవితకాలపు బాధ్యత, ఫోస్టరింగ్‌కు గడువు ఉంటుంది. గాయం మానడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. తల్లిలేని కుక్కపిల్లలైతే నెలలు పడుతుంది.

అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నగరంలో ఫీనిక్స్ బే ఓ పేట. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ తదితర దీవులకు పడవలు ఇక్కడి జెట్టీ నుంచి బయల్దేరతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష.

అండమాన్ దీవుల్లో కుక్క స్థానిక జంతువు కాదు. 1858లో బ్రిటిష్‌వారు ఖైదీల స్థావరాన్ని స్థాపించాకే ఇక్కడికి చేరింది. అప్పటిదాకా కుక్కనే ఎరుగని అండమానీ ఆదివాసులు త్వరలోనే దాన్ని అడవిపంది వేటలో తోడు చేసుకున్నారు. ఎవరూ పట్టించుకోక తిరిగే కుక్కలు ఇసుకతీరాల్లో సముద్ర తాబేళ్ల గుడ్లను తవ్వి తింటాయి. అందుకే ఇక్కడ ఒక కుక్కకు ఇల్లు దొరికితే, స్టెరిలైజేషన్ జరిగితే, ఆ మేలు తీరానికి కూడా అందుతుంది.

అయితే ప్రతి వీధికుక్కా ఫోస్టరింగ్‌కు తగినది కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న వీధికుక్కకు స్టెరిలైజేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. తన వీధికి అలవాటుపడిన పెద్ద కుక్కను జాలితో గదిలో బంధించడం మేలు కాదు. ఫోస్టర్ ఇల్లు నిజంగా అవసరమయ్యేది తల్లి పోయిన పిల్లలకు, వాహనాల కింద పడి గాయపడ్డవాటికి, ఊరు మారుతూ యజమానులు వదిలేసిపోయిన పెంపుడు కుక్కలకు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వు కూడా దత్తతకు దారి తెరిచింది. దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధికెక్కకుండా చూసే బాధ్యతను తీసుకున్నవారి మీదే పెట్టింది.

కొత్తగా వచ్చిన కుక్కను ఇంట్లోని ఇతర కుక్కలకు దూరంగా కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలి. పార్వో, డిస్టెంపర్ వంటి అంటువ్యాధుల లక్షణాలు మొదటి రోజే కనబడవు. కళ్లు తెరవని పిల్లలకు రాత్రిపూట కూడా రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. ఆవుపాలు కాదు, కుక్కపిల్లలకని అమ్మే పాలపొడి కలిపి పట్టాలి. వెచ్చదనం లేకపోతే పాలు తాగినా పిల్ల నిలవదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలదాకా కొనసాగించాలి. మూడు నుంచి పన్నెండు పద్నాలుగు వారాల మధ్య వయసు కుక్కపిల్ల మనుషులకు, శబ్దాలకు, ఇతర జంతువులకు అలవాటుపడే కీలక కాలం. ఆ కాలాన్ని బోనులో గడిపిన పిల్ల పెద్దయ్యాక బెదురుగొడ్డుగా మారే ప్రమాదం ఎక్కువ. ఫోస్టరింగ్ విలువంతా నా దృష్టిలో ఇక్కడే ఉంది.

అండమాన్‌లో మరో జాగ్రత్త తప్పనిసరి. రెండు రుతుపవనాలూ తడిపే ఈ దీవుల్లో లెప్టోస్పైరోసిస్ పాతుకుపోయిన వ్యాధి. 1980ల చివర్లో ప్రాణాలు తీసిన 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అదేనని తర్వాత తేలింది. శ్రీ విజయపురంలోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం దీని మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. వ్యాధి సోకిన ఎలుకల, పశువుల, కుక్కల మూత్రంతో సూక్ష్మజీవి నీటిలోకి చేరుతుంది. కాబట్టి కుక్కకు లెప్టో రక్షణ ఉన్న టీకా వేయించాలి. మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి. చేతికి తెగిన గాయం ఉంటే ఆ పని మరొకరికి అప్పగించాలి.

రేబిస్ విషయంలో మాత్రం అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవులు భాగ్యవంతమైనవి. దేశంలో రేబిస్ లేని ప్రాంతాలుగా వీటినే చెబుతారు. టీకా వేయని కుక్క ఒక్కటి ఓడ దిగినా ఆ రక్షణకు గండి పడవచ్చు.

ఇంటి వాతావరణం చేసే మేలుకు శాస్త్రీయ ఆధారమూ ఉంది. అమెరికాలోని ఐదు కుక్కల షెల్టర్లలో జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఒకటి రెండు రాత్రులు ఇంట్లో గడిపిన కుక్కల్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది, షెల్టర్‌కు తిరిగి రాగానే మళ్లీ పూర్వస్థాయికి చేరింది. కొద్దిపాటి విరామం కూడా కుక్కకు ఊరటేనని, అది నిలవాలంటే శాశ్వతమైన ఇల్లు కావాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు నేల మీద కుక్కల రక్షణకు చిరకాలంగా పనిచేస్తున్న సంస్థల్లో 1992లో మొదలైన హైదరాబాద్ బ్లూ క్రాస్, 1996లో మొదలైన విశాఖలోని వీఎస్‌పీసీఏ ఉన్నాయి. అయితే ఎంత పెద్ద షెల్టర్‌కైనా స్థలానికి హద్దు ఉంటుంది, కుక్కపిల్లలు గుంపులో ఉంటే వ్యాధులు త్వరగా పాకుతాయి. దీవిలోనైతే నిండిపోయిన షెల్టర్ నుంచి పక్క ఊరికి తరలించే వీలు కూడా తక్కువ.

ఫోస్టర్ కుటుంబం ముందుగా తేల్చుకోవలసినవి: మందుల ఖర్చు ఎవరిది, గడువులోగా ఎవరూ రాకపోతే కుక్క ఎక్కడికి వెళ్తుంది, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా. ఫీనిక్స్ బేలో కుక్కను పెంచుకోదలచినవారు ఓడ మీద జాతికుక్క పిల్లను తెప్పించుకునే ముందు, దీవిలోనే పుట్టి ఇంటి కోసం చూస్తున్న కుక్క ఏదైనా ఉందేమో స్థానిక పశువైద్యశాలలో అడగండి.