పొయ్యి రాజేసింది ఎవరు?

ఇల్లందును సింగరేణికి పుట్టినిల్లు అంటారు. చుట్టుపక్కల వాళ్ళకు అది బొగ్గుట్ట. అక్కడ బొగ్గు ఎలా బయటపడిందంటే అందరూ ఒకే కథ చెబుతారు. భద్రాచలం పోతున్న యాత్రికులు దారిలో ఆగి, దొరికిన నల్లరాళ్ళు మూడు పెట్టి పొయ్యి రాజేశారు. కట్టెలతో పాటు రాళ్ళూ అంటుకున్నాయి. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ వచ్చి అది బొగ్గేనని తేల్చాడు.

యాత్రికుల ముచ్చట నిజంగా జరిగిందా అన్నది నాకు ముఖ్యం కాదు. సాహిత్యం చదువుకున్నదాన్ని, కథను కథగానే చూస్తాను. ఇందులో పొయ్యి ఉంది, వంట ఉంది. వండిన మనిషి మాత్రం 'యాత్రికులు' అన్న బహువచనంలో కలిసిపోయింది. కింగ్ పేరేమో భూమి లోపల కూడా నిలిచింది. ఒక బొగ్గు పొరకి కింగ్ సీమ్ అని ఆయన పేరే పెట్టారు. క్వీన్ సీమ్ కూడా ఒకటుంది. అది ఏ స్త్రీనీ తలుచుకుని పెట్టిన పేరులా కనిపించదు, రాజుకు జోడీగా ఒక రాణి, అంతే!

ఆ తర్వాతదంతా కంపెనీ చరిత్ర. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు, 1889లో తవ్వకం, 1920లో దగ్గరి గ్రామం పేరుతో సింగరేణి కాలరీస్, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి. తట్టా చెమ్మస్ పట్టినవాడు ఈ వరుసలోకి ఆలస్యంగా, సమ్మెలతో వచ్చాడు. అతని ఇంట్లో మనిషి అసలు రాలేదు. బాయికి మూడు షిఫ్టులుంటే అతనికి ఒక్కటే. ఆమెకు మాత్రం అతని షిఫ్టుతో పాటు పిల్లల బడి, నీళ్ళ కోసం పడిగాపులు, బొగ్గుమసి బట్టల చాకిరీ. ఆ పనికి మస్టర్ లేదు, నాగా కూడా లేదు.

ఆడవాళ్ళు బాయి దిగకూడదన్నది అనాదిగా ఉన్న ఆచారమేమీ కాదు. బ్రిటిష్ ఇండియా గనుల్లో వాళ్ళు వేలల్లో దిగారు. 1929 నిబంధనలతో దశలవారీగా పైకి పంపారు. యుద్ధానికి బొగ్గు కావలసివచ్చి 1943లో ఆ నిషేధాన్ని సడలించారు, 1946లో మళ్ళీ బిగించారు. స్త్రీల రక్షణ కోసమని చెప్పిన నియమం బొగ్గు అవసరాన్ని బట్టి వంగిందన్నమాట. 1952 గనుల చట్టం భూగర్భంలో పనినీ, పైన రాత్రి పనినీ కూడా వద్దంది.

దీని బరువు తెలిసేది బాయిలో మనిషి పోయినప్పుడు. వారసత్వ ఉద్యోగం అనగానే ఇంట్లో కొడుకును వెతుకుతారు. భార్యకో కూతురికో ఇవ్వాలంటే 'దింపే పని లేదు, పైన ఖాళీ లేదు' అనడానికి చట్టమే వీలిచ్చింది. పుట్టినిల్లు అని గొప్పగా చెప్పుకునే చోట కూతురి వాటా గురించి ఇంత తడబాటు ఎందుకో!

2019లో కేంద్రం భూగర్భంలోకి స్త్రీలను షరతులతో అనుమతించింది. అప్పటికే ఇల్లందు చుట్టూ ఇంక్లైన్లు ఒకటొకటిగా మూతపడుతూ వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన ఓపెన్ కాస్టులకు ఎక్కువ మంది మనుషులు అక్కర్లేదు.