వేలాడే దీపాలు: ఉప్పల్ బాట నుండి ఉత్తర దేశాల దాకా



దీపానికి తెలుగులో పేర్లకు కొదవ లేదు. నేల మీద కూర్చునేది ప్రమిద, నిలబడేది సెమ్మె, చేత పట్టేది దివిటీ, గాజు తొడుక్కొన్నది లాంతరు. పైకప్పు నుండి వేలాడే శిల్పశోభితమైన దీపాన్ని గొలుసు దీపమంటాము. హైదరాబాదు పాతబస్తీ వారికి అది ఝూమరు. ఈ టపా ఆ జాతి దీపాల చరిత్రను గురించి.

వేలాడే దీపమనగానే మన నగరంలో చౌమహల్లా ఖిల్వత్ దర్బారులోని బెల్జియం గాజు ఝూమర్లే గుర్తుకు వస్తాయి. అవి దొరతనపు వైభవానికి గుర్తులు. వాటి కంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినవి ఇత్తడి దీపాలు. ఇక్కడ మన చరిత్రా, స్కాండినేవియా చరిత్రా విచిత్రంగా పక్కపక్కన నడుస్తాయి.

చార్మినారు కట్టినది 1591లో. ఆ తరువాత పదహారేళ్ళకు, 1607లో, స్వీడన్ రాజు 9వ కార్ల్ స్కుల్టూనా అనే చోట ఇత్తడి కర్మాగారాన్ని స్థాపించాడు. అప్పటికి గోలకొండ సింహాసనం మీద మహమ్మద్ కులీ కుతుబ్ షా ఇంకా ఉన్నాడు. రాగి గనులు తమ నేలలోనే ఉండగా ఇత్తడిని పరదేశాల నుండి కొనడమెందుకన్నది ఆ రాజు ఆలోచన. అక్కడ తయారైన ఇత్తడి దీపవృక్షాలు చర్చీల కప్పుల నుండి వేలాడాయి. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ కర్మాగారం నేటికీ నడుస్తూనే ఉంది.

ఇక మన వైపు చూద్దాం. నేనుండే నాచారం నుండి ఉప్పల్ చౌరస్తాకు చేరి, తూర్పుగా వరంగల్లు బాట పట్టితే జనగామకు ముందు పెంబర్తి వస్తుంది. కాకతీయుల కాలంలో దేవాలయ రథాలకూ విగ్రహాలకూ లోహపు తొడుగులు చేసిన శిల్పుల పరంపర తమదని అక్కడి విశ్వకర్మలు చెప్పుకొంటారు. రాజ్యాలు మారాక వారి చేతులు పాన్‌దానులు, అత్తరుదానులు, రంధ్రాల నగిషీతో వేలాడే దీపాలు చేశాయి. లక్క మీద ఇత్తడి రేకును పరచి, ఉలితో గీసి, సుత్తితో తట్టి, రేకు బిగిసినప్పుడల్లా కాల్చి మెత్తబరచి బొమ్మను పైకి తేవడం ఆ పని తీరు. దీపం వెలిగించినప్పుడు ఆ రంధ్రాల నీడలు గోడల మీద తీగెలై పాకుతాయి.

సరిగ్గా ఇదే రంధ్రాల ఇత్తడితో ఫిన్లాండులో పావో టినెల్ (1890–1973) పేరు గడించాడు. రేకుపనివాడిగా జీవితం మొదలుపెట్టిన ఈయన 1918లో ఏర్పడిన తాయితో సంస్థ స్థాపకులలో ఒకడు. ఆయన దీపాలు నేడు అపురూప వస్తువులు. వేలంపాటలలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. డెన్మార్కుకు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ కిరసనాయిలు దీపపు మెత్తని వెలుగులో పెరిగి, కరెంటు బల్బు కళ్ళలో గుచ్చుకోవడం సహించలేక దీపాల మీద జీవితమంతా పరిశోధన చేశాడు. 1958లో కోపెన్‌హేగన్‌లోని ఒక భోజనశాల కోసం ఆయన రూపొందించిన దీపానికి 12 వరుసలలో 72 రేకులు. ఏ మూల నుండి చూచినా లోపలి బల్బు కంటబడదు!

డిసెంబరులో స్టాక్‌హోంలో మధ్యాహ్నం మూడు గంటలు కాకుండానే ప్రొద్దు గుంకుతుంది. అటువంటి చోట దీపం ఇంటి మనిషి వంటిది. కనుకనే విద్యుత్తు వచ్చినపుడు వారు దీపం రూపాన్ని బల్బుకు తగినట్లు మళ్ళీ ఆలోచించారు. మనకు విద్యుత్తు రాగానే నూనె దీపం పూజగదికీ గుడికీ పరిమితమైంది. నట్టింటి గొలుసు దీపం అటక ఎక్కింది.

అటక నుండి అది ఎక్కడికి పోతున్నదో కూడా చెప్పాలి. నాచారంలో ఒక పాతసామాన్ల దుకాణంలో గొలుసు దీపమొకటి చూచాను. నూనె గిన్నె చుట్టూ నాలుగు చిలుకలు, పైన హంస. దానిని తక్కెడలో వేసి కిలోల లెక్కన తూచారు. చిలుకకు వేరే వెల లేదు, హంసకూ లేదు. టినెల్ దీపం మీద సంస్థ ముద్ర ఉంటుంది, సంఖ్య ఉంటుంది. కొన్నవాడు ఆ రెండింటినీ చూచి వెల కడతాడు. మన చిలుకలను చెక్కిన శిల్పి పేరు ఎక్కడా వ్రాసి లేదు. పనితనంలో తక్కువై మనది తుక్కు కాలేదు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే ఆనవాలు లేక అయింది. పెంబర్తి పనికి భౌగోళిక గుర్తింపు లభించడం సంతోషకరమే. అది ఊరికి పేరు నిలిపింది, మనిషికి ఇంకా నిలపలేదు.

మీ ఇళ్ళలో గొలుసు దీపం ఉంటే ఒక ఫొటో తీసి, అది ఏ ఊరిదో, ఏ తరంలో ఇంటికి వచ్చిందో, చేసినవారెవరో పెద్దల నడిగి వ్రాసి పెట్టండి. మీ ప్రాంతంలో దానిని ఏ పేరుతో పిలుస్తారో కూడా తెలపగలరు. నిఘంటువులకెక్కని మాటలు ఇటువంటి వస్తువులతోనే తూకానికి పోతున్నాయి.