బొట్టుమైనం, తవుడుమైనం

మా చెల్లెలి కూతురు బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, పెదాలకి రాసుకునే బామ్ ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నా. తేనెమైనం వాడను. బదులేం వెయ్యొచ్చు?" తేనెటీగల ఇల్లు కూలగొట్టి తెచ్చింది వాడకూడదని దాని నియమం. పాలు కూడా మానేసింది కాబట్టి వెన్న, నెయ్యి కుదరవు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆత్మకూరులో మా అవ్వ కుంకుమభరిణె మాత్రం కళ్ళముందు మెదిలింది.

రెండు అరల చెక్క భరిణె అది. ఒక అరలో కుంకుమ, రెండోదాన్లో మైనం. స్టిక్కర్ బొట్లు రాకముందు ఎన్నో ఇళ్ళల్లో పొద్దున్నే జరిగే పనే ఇది. వేలికొసతో కాస్త మైనం తీసి నుదుట గుండ్రంగా అద్ది, దానిమీద కుంకుమ పెట్టుకునేవాళ్ళు. చెమటకి కారకుండా పొద్దుగూకేదాకా నిలిచేది. మా తాత పోయిన పదకొండోనాడు కుంకుమ అర కడిగేశారు. మైనం అర సంగతి ఎవరికీ పట్టలేదు. నుదుటికి అక్కర్లేకపోయిన ఆ మైనాన్ని అవ్వ ఆముదంలో కరిగించి గాజుబుడ్డిలో దాచుకుంది. చలిగాలికి పెదాలు పగిలినా, ఎండలకి మడమలు చీలినా అదే మందు. అయితే పెదాలకి మాత్రం దీపం ఆర్పాకే రాసుకునేది. "ముండమోసినదానికి సోకులేంది" అనే మాట ఎక్కణ్ణుంచి వస్తుందోనని.

పగిలిన తోలుకి మందు రాసుకోవడం సోకెప్పుడయింది? మడమకి రాస్తే మందు, పెదవికి రాస్తే సోకు! ఈ తేడా మా అవ్వ పెట్టింది కాదు. మన ప్రబంధాల్లో పెదవి ఒక పండు, ఒక చిగురు, ఒక పగడం. ఉదయగిరి దుర్గం 1514లో కృష్ణదేవరాయల వశమైంది. ఆ రాయలకాలపు కవిత్వంలో దొండపండుకి కరువులేదు. చూసేవాడి కంటికి ఆనే పెదవే తప్ప, చలికి మంటపుట్టి అన్నం ముద్ద తాకితే చుర్రుమనే పెదవి ఆ పద్యాల్లో ఎక్కడుంటుంది? పెదవిని అలంకారం ఖాతాలో వేసేశాక, అలంకారం నిషిద్ధమైన ఆడదానికి పెదవి నొప్పి కూడా నిషిద్ధమే అయింది.

ఇంతకీ ఆ మైనం ఎక్కడిది? నెల్లూరు జిల్లాలో తేనె పట్టడమనగానే యానాదులే గుర్తొస్తారు. 1873లో బాస్వెల్ కూర్చిన జిల్లా మాన్యువల్లోనూ, 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ వాళ్ళ గురించి పేజీలున్నాయి. మన దేవిళ్ళల్లోకి మాత్రం వాళ్ళని రానివ్వలేదు, వాళ్ళు తెచ్చిన మైనాన్ని నుదుటికెత్తుకున్నాం. తేనె పిండేశాక మిగిలిన పట్టుని నీళ్ళల్లో వేసి కాచి, గుడ్డలో వడగట్టాలి. చల్లారేకొద్దీ మైనం పైకి తేలి బిళ్ళకడుతుంది. చెట్టెక్కడమొక్కటే సాహసంగా చెప్పుకుంటాం గానీ, పొయ్యి దగ్గర జరిగే ఈ పని లేకపోతే భరిణెలోకి మైనం రాదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు చేసిన అడవిలో చెట్టూ పుట్టా సర్కారు అనుమతి కిందికి పోయాయి. 1927 నాటి భారత అటవీ చట్టం అటవీ ఉత్పత్తులు ఏవో లెక్కచెబుతూ తేనెనీ, మైనాన్నీ పేరుపెట్టి చేర్చింది. తేనె పట్టేవాళ్ళు అడవికి జవాబుదార్లయ్యారు. అడవిహక్కుల చట్టం 2006లో అదే తేనె, అదే మైనం సేకరించుకుని అమ్ముకునే హక్కు ఆదివాసులదని రాసింది. ఆ రెండు మాటలు చట్టంలో చేతులు మారడానికి దాదాపు ఎనభయ్యేళ్ళు!

పెట్రోలియం జెల్లీ తయారీకి అమెరికాలో చీజ్‌బ్రో పేటెంటు పుచ్చుకున్నది 1872లో. తరవాత్తరవాత వాజలైన్ డబ్బా మన ఊళ్ళకీ వచ్చింది, దాంతోపాటు పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ కూడా. మాటే మారిపోయింది. ఇప్పుడు ఉత్త "మైనం" అంటే కొవ్వొత్తి మైనమే. అసలుదానికి ముందు "తేనె" తగిలించాల్సి వస్తోంది. 1990ల మొదట్లో కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురుతిరిగారు. ఆ ఊపులోనే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. రాష్ట్రమంతా పొదుపు సంఘాలకి నేర్పిన పనుల్లో సబ్బులు, ఫినాయిలుతోపాటు కొవ్వొత్తులూ ఉన్నాయి. ఆ కొవ్వొత్తులు పారఫిన్‌వే. ముడిసరుకు బయటిది, ధర బయటిది, చేతులు మాత్రం మనవి.

పిల్ల ప్రశ్నకి వస్తాను. బామ్‌లో మైనం చేసే పని ఒక్కటే, నూనెని కదలకుండా పట్టుకోవడం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. తేనెమైనానికి 62 నుంచి 64 డిగ్రీలు కావాలి. ఇంట్లో కూర్చున్నదానికి వెన్నపూసో, ఆముదంచుక్కో చాలు. ఎండలో తిరిగేదానికే మైనం కావాలి. బదులు ఏమున్నాయని వెతికితే బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నోబా, మెక్సికో ఎడారిమొక్క నుంచి వచ్చే కాండెలిల్లా కనిపించాయి. అంత దూరం ఎందుకనిపించింది. వరి తవుడులో మైనం ఉంది. తవుడునూనె శుద్ధి చేసేటప్పుడు వేరయ్యే పదార్థమది. 77 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

మొలగొలుకులు పండించిన జిల్లాకి తవుడు కొత్తా? ఆడవాళ్ళు రోకళ్ళతో దంచిన రోజుల్లో నూకా తవుడూ దంచినవాళ్ళ కూలిలో భాగంగా ముట్టేవి. గేదెకి కుడితిలోకి పోయేది, కరువులో మనిషి నోట్లోకీ పోయేది. మర వచ్చాక చేతులకి బొబ్బలు తప్పాయి, అందుకు నాకేమీ విచారం లేదు. రోకటిపాటల మీద మనం రాసుకునే మమకారపు వ్యాసాల్లో ఆ బొబ్బలు కనపడవు కూడా. కానీ బొబ్బలతోపాటు తవుడూ పోయింది. ఆడించిన కూలి కింద తవుడు మరవాళ్ళు ఉంచుకోవడం ఆనవాయితీ అయింది. అక్కణ్ణుంచి నూనె ఫ్యాక్టరీకి, అక్కణ్ణుంచి మైనం పలుకులుగా మారి పొట్లంలో నా దగ్గరికి. తేనెటీగని నొప్పించలేదన్నది నిజమే. ఎవరి చేతుల్లోంచీ లాక్కోలేదని మాత్రం దానికి చెప్పలేకపోయాను.

మూడుసార్లు చెడగొట్టాక నాకు కుదిరిన కొలత ఇది. కొబ్బరినూనె 30 గ్రాములు, ఆముదం 20, తవుడుమైనం 8. మరిగే నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, నూనె మైనం రెండూ కలిపే వేడిచెయ్యాలి. చల్లటి నూనెలో కరిగిన మైనం పోశానో, రవ్వలు రవ్వలుగా విరిగింది. తేనెమైనానికున్న జిగి దీనికి లేదు. అందుకే ఆముదం అంత.

మార్చిలో కలిగిరి వైపు పొగాకు పనికిపోయే నలుగురికి చిన్న డబ్బాలిచ్చాను. వారం తరవాత ఒకామె డబ్బా తిరిగిచ్చేసింది. మూత తీసినట్టే లేదు. "బాగలేదా?" అన్నాను.

"బాగలేకేం. ఆకు గిల్లేటప్పుడు చేతులకంతా బంక గదమ్మా. ఆ వేలు నోటి దగ్గరికెట్టా తీసకపోయేది? కడుక్కుందామంటే చేలో నీళ్ళేడున్నాయ్? వేలు తగలకుండా పూసుకునేట్టు చెయ్యి."

నేను చదివిన పద్ధతులన్నీ వేలితో తీసి రాసుకోమన్నవే. ఇప్పుడు మైనం 12 గ్రాములకి పెంచి పుల్లలాగా పోస్తున్నాను. ఉదయగిరిలో చెక్కగరిటెలు చేసే ఆడవాళ్ళని, అడుగున నెడితే పుల్ల పైకొచ్చేట్టు చెక్కగొట్టం చేస్తారా అని అడిగాను. నమూనా చేస్తామన్నారు, రేటు తరవాత చెప్తామన్నారు.