పరిశోధన గ్రంథాలయాల సహకారం

పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంత గ్రంథాల సేకరణను, నిల్వను, పరిరక్షణను గ్రంథాలయాలు పంచుకునే ఏర్పాటు. స్థలం, ధనం ఆదా కావడం, ఒకచోట ప్రతి నశించినా మరోచోట మిగలడం దీని ప్రయోజనాలు.

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయపు డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, ఆనందపురం మండలం గంభీరంలోని ఐఐఎం గ్రంథాలయం విశాఖపట్నం ప్రాంతపు ముఖ్య పరిశోధన గ్రంథాలయాలు. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలను విశ్వవిద్యాలయాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ‘శోధ్‌గంగ’లో భద్రపరుస్తాయి, వాటిని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. పత్రికల ఉమ్మడి చందాకు కేంద్రప్రభుత్వం 2025లో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ప్రారంభించింది.

హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ కూడబెట్టిన ఉర్దూ గ్రంథ సేకరణను షికాగో విశ్వవిద్యాలయం చొరవతో అమెరికా గ్రంథాలయాలు కొని, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే ఉంచాయి. 2000 ఆగస్టు వరదలో అది తీవ్రంగా దెబ్బతింది. ఒకేచోట నిల్వచేయడంలోని ప్రమాదాన్ని ఆ వరద చూపింది.

విదేశాల్లో కొలంబియా, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ న్యూజెర్సీలో ఉమ్మడి నిల్వకేంద్రం నెలకొల్పాయి. 2008లో మొదలైన హాతీట్రస్ట్ సంస్థ తన సభ్య గ్రంథాలయాల డిజిటల్ ప్రతులను భద్రపరుస్తోంది.