సముద్రపు సిరా

విశాఖపట్టణమున చేపల రేవునకు తెల్లవారుజామున పోయినవారు ఒక వింతను చూచియుందురు. వలలనుండి దించిన చేపల కుప్పల నడుమ, మెత్తని శరీరమును పది చేతులును గల ప్రాణి యొకటి కానవచ్చును. దాని చుట్టునున్న మంచుముక్కలు నల్లబడియుండును. దీనిని ఆంగ్లమున కటిల్ ఫిష్ అనియు, శాస్త్రమున సేపియా అనియు పిలుతురు. పేరునకు ఫిష్ అయినను ఇది చేప కాదు; నత్తలకును ఆలుచిప్పలకును జ్ఞాతి. దీని వీపులోని తేలికయగు తెల్లని పెంకునే మనవారు సముద్రపు నురుగు అని యెంచి మందులలో వాడుచు వచ్చిరి. ఆ తెల్లని పెంకును ఎరిగినట్లు దాని నల్లని సిరాను మనము ఎరుగము. ఆ సిరా చరిత్రనే నేడు మనవి చేయుదును.

శత్రువు మీదికి వచ్చినపుడు ఈ ప్రాణి తన పొట్టలోని తిత్తినుండి నల్లని ద్రవమును చిమ్మి, ఆ చీకటిచాటున తప్పించుకొని పోవును. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దియందే గ్రీకు పండితుడగు అరిస్టాటిల్ ఈ సంగతిని వ్రాసియుంచెను. రోమనులు దీనిని వ్రాతకు ఉపయోగించిరి. మన పూర్వులు తాటాకుపై గంటముతో గీసి, ఆ గీతలలో దీపపు మసి పూసిరి. రెండును నలుపులే, కాని రెంటి పుట్టుకలు వేరు. మసి నిప్పున పుట్టిన బొగ్గుపొడి. సేపియా సిరాలోని నలుపు బ్రదికియున్న జీవకణమున పుట్టినది.

1780 ప్రాంతమున డ్రెస్డెన్ నగరపు చిత్రకారుడు సైడెల్మన్ ఈ సిరాను చిత్రలేఖనమునకు ప్రచారములోనికి తెచ్చెను. తిత్తులను ఎండబెట్టి, క్షారజలమున కరిగించి, వడపోసి, ఆమ్లము కలిపినచో రంగు అడుగున పేరుకొనును. దానినే కడిగి ఆరబెట్టుదురు. పాత ఛాయాచిత్రముల గోధుమవన్నెను కూడ సేపియా యనుచున్నాము గాని, అది వెండి గంధకముతో కూడుటచే కలిగిన వన్నె. అందు ఈ ప్రాణి సిరా లేదు.

ఈ నలుపు ఎంత చిరంజీవియో వినుడు. 1826 ప్రాంతమున ఇంగ్లండునందలి లైమ్ రీజిస్ పట్టణమున మేరీ ఆనింగ్ అను స్త్రీ, శిలలైపోయిన ప్రాచీన జలచరములలో సిరాతిత్తులను కనుగొనెను. ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్పాట్ ఆ ఎండిన సిరాను నీటితో నూరి, దానితోనే ఆ శిలాజముల బొమ్మలను గీసెను. 2012లో శాస్త్రజ్ఞులు 16 కోట్ల సంవత్సరములకు పైబడిన అట్టి సిరాను పరీక్షించి, అందలి వర్ణద్రవ్యమునకును నేటి సేపియా సిరాకును భేదము దాదాపు లేదని తేల్చిరి.

ఆ వర్ణద్రవ్యము పేరు మెలానిన్. గ్రీకు భాషలో మెలాస్ అనగా నలుపు. 1840లో స్వీడను రసాయనవేత్త బెర్జీలియస్ ఈ పేరు పెట్టెను. పేరు పెట్టుట సులభమే. గుట్టు తెలియుట కష్టమైనది. ఇది నీట కరగదు, సారాయమున కరగదు, స్ఫటికముగా పేరదు. మన వాల్తేరునందే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు 1933 మొదలు 1949 వరకు పుష్పములయొక్కయు పత్రములయొక్కయు రంగులను పరిశోధించి కీర్తి గడించిరి. ఆ రంగులు స్ఫటికములుగా చేతికి చిక్కునట్టివి. మెలానిన్ అట్లు చిక్కదు.

కావున శాస్త్రజ్ఞులు అది పుట్టు త్రోవను వెదకిరి. 1895 ప్రాంతమున ఫ్రాన్సులో బూర్కెలో, బెర్త్రాన్ అనువారు పుట్టగొడుగులలో టైరోసినేజు అను ఎంజైమును కనుగొనిరి. కోసిన వంకాయముక్క నల్లబడుటకు కారణము ఈ జాతి ఎంజైమే. 1920-30ల మధ్య ఇంగ్లండున రేపర్ అను పండితుడు, మాంసకృత్తులలోని టైరోసిను మొదట డోపాగాను, పిమ్మట ఇండోలు జాతి పదార్థములుగాను మారి, తుదకు నలుపగునని చూపెను. 1960-70ల మధ్య నేపుల్సు నగరమున నికోలౌస్, పియాటెల్లి మున్నగువారు సేపియా మెలానిన్‌నే ముక్కలు చేసి పరీక్షించిరి. అది ఒకే అణువు కాదనియు, పెక్కు ఇండోలు భాగములు క్రమము లేక అల్లుకొన్న గొలుసుల ముద్దయనియు తెలియవచ్చెను.

సిరాలో ఇది మిల్లీమీటరునందు పదివేలవ వంతు మొదలు అయిదువేలవ వంతు వరకు వ్యాసము గల గుండ్రని రేణువులుగా నుండును. కన్నులకు కనబడు కాంతినంతటిని, కనబడని అతినీలకాంతిని మరింత అధికముగను మ్రింగి, దానిని వేడిగా మార్చివేయును. ఇనుము, రాగి, సున్నపుధాతువులను పట్టి యుంచుకొనును. హైడ్రోజను పెరాక్సైడు తగిలినచో మాత్రము తెల్లబోవును.

శ్రోతలారా! ఇంత చెప్పుట రేవులోని ప్రాణికొరకు మాత్రమే కాదు. మన తలవెండ్రుకల నలుపును, చర్మపు చాయయు ఈ మెలానిన్ కుటుంబమునకు చెందినవే. తెల్లవానికిని నల్లవానికిని చర్మమున రంగుకణముల సంఖ్య రమారమి సమానమే. ఆ కణములు చేయు మెలానిన్ పాళ్లలోను, తీరులోను మాత్రమే భేదము. ఎండ వేడిమిలో తెప్ప నడుపు పల్లెవాని వీపును అతినీలకాంతినుండి కాపాడు గొడుగు ఇదియే.

అయినను పెండ్లిచూపులలో పిల్ల చాయ తక్కువయని పెదవి విరుచువారు మనలో లేకపోలేదు. ఆ మాట విని తలవంచుకొన్న ఆడపిల్లలు ఎందరో! నలుపు నారాయణుడు మెచ్చునని పెద్దలు ఓదార్పుగా చెప్పుచు వచ్చిరి. రసాయనశాస్త్రము ఓదార్పు చెప్పుట లేదు, ఉన్నమాట చెప్పుచున్నది. కోట్లకొలది యేండ్లు చెక్కుచెదరక నిలిచి, ప్రాణులకు చాటును నీడయు నిచ్చిన పదార్థము మనకు లోపము కాజాలదు. రేపు రేవున నల్లబడిన మంచుముక్కను చూచినపుడు ఈ మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సెలవు.