బొగ్గుట్ట చుట్టూ మన గూడేలు

ఇల్లందుకు బొగ్గుట్ట అనే పేరు కూడా ఉంది. సింగరేణి చరిత్ర మొదలైంది ఇక్కడే. కంపెనీ చరిత్ర పుస్తకాల్లో ఉంది, సావనీర్లలో ఉంది, ప్రతి ఏటా డిసెంబరు 23న జరిగే సింగరేణి డే ప్రసంగాల్లో ఉంది. ఆ గనుల చుట్టూ, కొన్నిచోట్ల ఆ గనులున్న చోటనే ఉండిన మన గూడేల చరిత్ర మాత్రం ఎక్కడా రాసి లేదు. అది మన పెద్దల నోట్లో మాత్రమే ఉంది. ఆ పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. అందుకే ఈ వ్యాసం మన యువతీ యువకుల కోసం.

బొగ్గును ఎవరు కనుగొన్నారు?

ఈ ప్రాంతంలో ఒక కథ అందరికీ తెలుసు. భద్రాచలం రామయ్య దర్శనానికి పోతున్న యాత్రికులు దారిలో వంట కోసం మూడు నల్లరాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించారట. కట్టెలతో పాటు రాళ్ళు కూడా అంటుకున్నాయట. ఆ మాట దొరల దాకా పోయిందట. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. ఇది కంపెనీ కూడా చెప్పుకునే చరిత్ర.

ఈ కథలో యాత్రికులు ఉన్నారు, దొర ఉన్నాడు. ఆ అడవిలో కాపురం ఉన్నవాళ్ళు లేరు. వాగు ఒడ్డున నల్లరాయి తేలిన చోట పశువులు మేపినవాళ్ళు, ఇప్పపువ్వు ఏరినవాళ్ళు, ఆ దారిన పోయేవాళ్ళకు నీళ్ళు ఎక్కడున్నాయో చూపగలిగినవాళ్ళు ఎవరు? మన కోయ గూడేల వాళ్ళు. బొగ్గు దొరికింది జనం లేని అడవిలో కాదు. కథ అలా చెప్పడం వల్ల చదివేవాళ్ళకు అది జనం లేని అడవిలాగా కనిపిస్తుంది. చరిత్రలో మన పేరు ఎక్కడ తప్పిపోయిందో వెతకాలంటే ఈ మొదటి కథ దగ్గరే మొదలుపెట్టాలి.

కంపెనీ వచ్చిన కాలం

1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి నిజాం రాజ్యంలో బొగ్గు తవ్వే హక్కులు దక్కాయి. 1889 నుంచి ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా ఇల్లందుకు పోయే రైలుపట్టాలు ఈ బొగ్గు కోసం వేసినవే. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది.

తవ్వింది ఇల్లందులో, పేరు వచ్చింది పక్కనున్న సింగరేణి గ్రామానికి. 2016లో జిల్లాలు విడిపోయాక ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది, సింగరేణి ఖమ్మం జిల్లాలోనే మిగిలింది. ఊరు ఒకచోట, పేరు ఇంకోచోట. మన గూడేల విషయంలో కూడా ఇదే జరిగింది. టేకులపల్లి మండలంలో కోయగూడెం ఓపెన్ కాస్ట్ ఉంది. రోజూ లారీల వాళ్ళు, ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు ఆ పేరు పలుకుతారు. పలికేది మన జాతి పేరే. ఇప్పుడు ఆ పేరు వింటే చాలామందికి గనే గుర్తొస్తుంది, గూడెం గుర్తుకు రాదు.

ఇల్లందు తర్వాత 1920ల చివర బెల్లంపల్లి, 1930లలో కొత్తగూడెం, తర్వాత రామగుండం, 1970లలో మణుగూరు వైపు గనులు విస్తరించాయి. మ్యాపులో వీటిని కలుపుతూ ఒక గీత గీయండి. ఆ గీత గోదావరి లోయ వెంట పోతుంది. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు వైపు కోయలు, బెల్లంపల్లి వైపు గోండులు, కొలాములు, నాయకపోడులు తరతరాలుగా బతికిన నేల అది. నేల కింద బొగ్గు, నేల మీద అడవి, అడవిలో మనం. మూడూ ఒకచోటే ఉన్నాయి.

రెండు కాలాలు

గని వచ్చాక ఒకే చోట రెండు రకాల కాలం నడిచింది. గనికి సైరన్ కాలం. రోజుకు మూడు షిఫ్టులు, మస్టర్ పడితేనే కూలి, రాకపోతే నాగా. గూడేనికి పండుగల కాలం. విత్తనాల పండుగ (విజ్జ పండుం) చేశాకే విత్తనం వేయాలి, కొత్తల పండుగ చేశాకే కొత్త పంట నోట్లో పెట్టాలి. ఎండాకాలం ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు. వేల్పుల కొలుపు వస్తే ఇల్లిల్లూ కదలాలి.

ఏడాదంతా ఒకేలా ఉండే షిఫ్టుకు, నెలకో పని మారే అడవి బతుకుకు పొత్తు కుదరలేదు. అందుకే మొదటి తరాల్లో బాయిలోకి దిగినవాళ్ళు ఎక్కువగా బయటి నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ బతుకూ తేలికైంది కాదు. చీకట్లో తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన ఫిల్లర్ల కష్టం మీదనే ఈ పట్టణాలన్నీ లేచాయి. వాళ్ళకు బస్తీలు వచ్చాయి, యూనియన్లు వచ్చాయి, వాళ్ళ పోరాటాల మీద పాటలు, పుస్తకాలు వచ్చాయి. రావలసినవే.

కానీ గని నడవడానికి బాయిలో దిగే కూలీ ఒక్కడే సరిపోడు. పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి కర్ర దుంగలు కావాలి. అవి అడవి నుంచే వచ్చాయి. చెట్టు కొట్టడం, దుంగ మోయడం, బండి తోలడం, వెదురు నరకడం, కొత్తగా పుట్టిన బస్తీకి కట్టెలూ తేనే చింతపండూ అమ్మడం... మీ ఇంట్లో ముసలివాళ్ళను అడిగి చూడండి, వీటిలో ఏదో ఒకటి తప్పకుండా చెబుతారు. ఈ పనికి మస్టర్ లేదు. మస్టర్ లేని పనికి చరిత్ర కూడా లేకుండా పోయింది. మనం గనికి దూరంగా ఉన్నామన్న మాట సగమే నిజం. గని లెక్కలో లేకుండా గనికి పనిచేశాం.

గూడెం కదిలిన కథ

భూగర్భ గని ఉన్నప్పుడు ఊరు పైన ఉండేది, గని కింద ఉండేది. కొన్నిచోట్ల నేల కుంగింది, బావుల్లో నీళ్ళు ఇంకిపోయాయి. అయినా ఊరు ఊరుగానే ఉండేది. 1970ల తర్వాత ఓపెన్ కాస్టులు వచ్చాక లెక్క మారింది. ఓపెన్ కాస్టులో బొగ్గు కావాలంటే ముందు పైనున్న మట్టినంతా తీసేయాలి. ఆ మట్టితో పాటు ఇళ్ళు, చేను, చెలక, వాగు, మొక్కులు చెల్లించే చెట్టు, పెద్దలను సాగనంపిన చోటు అన్నీ పోతాయి. తీసిన మట్టి ఓబీ గుట్టగా పక్కనే లేస్తుంది. పాత గుట్ట కరిగి కొత్త గుట్ట పుడుతుంది. ఇల్లందు ప్రాంతంలో భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడి ఓపెన్ కాస్టులే ప్రధానమయ్యాయి.

గని వల్ల మంచి జరగలేదని ఎవరూ అనరు. రోడ్డు వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, బడి వచ్చింది. మన పిల్లలు కొందరు ఉద్యోగస్తులయ్యారు. కానీ నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు ఇల్లు చదరపు గజాల్లో, భూమి ఎకరాల్లో కొలుస్తారు. వేల్పు గద్దెను దేనితో కొలుస్తారు? పట్టా లేని పోడు చేనుకు ఎంత కడతారు? ఒకే గట్టు వాళ్ళు ఒకే చోట ఉండి చేసుకున్న కొలుపు, పునరావాస కాలనీలో ఇళ్ళు తలోచోటకు పోతే ఎవరు చేస్తారు? ఆ లెక్క ఏ ఫైలులోనూ లేదు. చెప్పగలిగింది మనమే.

జ్ఞాపకం కూడా సాక్ష్యమే

పాత కథలు రాసుకుంటే ఏం వస్తుందని కొందరు తమ్ముళ్ళు అడుగుతారు. వస్తుంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాలు 2008లో వచ్చాయి. హక్కు నిరూపించుకోవడానికి ఏవి సాక్ష్యాలో ఆ నియమాల్లో 13వది చెబుతుంది. ప్రభుత్వ కాగితాలే కాదు, హక్కుదారు కాని పెద్దమనిషి చెప్పిన మాటను రాసి పెట్టుకుంటే అదీ సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, వంశవృక్షం, పాత సంస్థానాల రికార్డులు, ఆచారాలను నమోదు చేసిన అధ్యయనాలు కూడా సాక్ష్యాలే. అంతేకాదు, 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం ఇవ్వకుండా అక్రమంగా ఖాళీ చేయించిన వాళ్ళకు పునరావాసం, బదులు భూమి కోరే హక్కును కూడా అదే చట్టం 3వ సెక్షన్ ఇచ్చింది.

అంటే మీ తాత నోట విన్న ఊరి కథ పండుగనాడు చెప్పుకునే కథగానే ఆగిపోదు. రాసి, తేదీ వేసి, గ్రామసభ ముందు పెడితే అది కాగితంగా నిలబడుతుంది. రాయకపోతే ఆయనతోనే పోతుంది.

ఎలా రాయాలి?

ముందు పెద్దల అనుమతి అడగండి. ఫోనులో రికార్డు చేసేటప్పుడు వాళ్ళు కోయలో చెబితే కోయలోనే చెప్పనివ్వండి, తెలుగు తర్వాత రాసుకోవచ్చు. ఏ సంవత్సరం అని అడిగితే చాలామంది చెప్పలేరు. అప్పుడు ఆనవాలు అడగండి. రజాకార్ల కాలానికి ముందా, 1948 పోలీసు యాక్షన్ తర్వాతా? 1975 ఎమర్జెన్సీ నాటికి ఊరు ఎక్కడుంది? 1986 గోదావరి పెద్ద వరదప్పుడు మీ పెద్దకొడుకు ఎంతవాడు? ఇలా అడిగితే సంవత్సరం దానంతట అదే తేలుతుంది.

పాత కాగితం మీద ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం దాదాపు వస్తుంది. 1954-55 ఖాస్రా పహాణీలో మీ ఊరి పేరు ఎలా రాశారో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పాత సర్వే మ్యాపుల్లో గూడేల పేర్లు ఉంటాయి, వెతకండి. ఉర్దూలో ఉన్న రసీదును పనికిరాదని పారేయకండి, ఫొటో తీసి చదవగలిగిన వాళ్ళకు చూపించండి.

ముఖ్యంగా పేర్లు రాయండి. వాగు పేరు, గుట్ట పేరు, చేను పేరు, మొదట ఆ గూడెం కట్టిన వంశం పేరు, వాళ్ళ గట్టు, వాళ్ళ వేల్పు. ఎన్ని ఇళ్ళు ఉండేవి, ఎవరి ఇల్లు ఏ దిక్కున ఉండేది, ఒక కాగితం మీద గీయించండి. గీసేటప్పుడు ఆడవాళ్ళను తప్పకుండా కూర్చోబెట్టండి. నీళ్ళ దారులు, ఇప్పచెట్లు, దుంపలు దొరికే చోట్లు వాళ్ళకు తెలిసినట్టు మగవాళ్ళకు తెలియదు. ఓబీ గుట్ట కిందకు పోయిన ఊరు కూడా ఆ కాగితం మీద మళ్ళీ కనిపిస్తుంది.

సింగరేణి 1889 నుంచి తీసిన ప్రతి టన్ను బొగ్గుకు లెక్క రాసింది. ఆ బొగ్గు మీద నిలబడిన గూడేల లెక్క మనం రాయాలి. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క గూడెం పేరు తీసుకోండి. ఆ గూడెంలో అందరికంటే పెద్దవాళ్ళు ఎవరో కనుక్కోండి. వాళ్ళ దగ్గరకే మొదట పోండి.